విలుకాని లెక్క: మొత్తమా, ముఖాముఖియా?

2025 నవంబరులో బంగ్లాదేశ్ రాజధాని ఢాకా నగరమున ఆసియా విలువిద్యా పోటీలు జరిగినవి. ఆ పోటీలలో విజయవాడకు చెందిన ఇరువురు వ్యక్తిగత స్వర్ణపతకములను గెలుచుకొనిరి. మహిళల కాంపౌండు విభాగమున వెన్నం జ్యోతి సురేఖ ఫైనలులో 147–145 లెక్కతో గెలిచెను. పురుషుల రికర్వు విభాగమున బొమ్మదేవర ధీరజ్ ఫైనలులో 6–2 లెక్కతో గెలిచెను. వెంటవెంట వచ్చిన ఈ రెండు వార్తలను విన్నవారికి ఒక సందేహము కలిగియుండవచ్చును. రెండును విలువిద్యయే, రెండును ఒకే మైదానమున జరిగిన ఫైనలు పోటీలే. అట్లయినచో ఒకచోట నూరు దాటిన లెక్క మరియొకచోట వ్రేళ్లమీద లెక్కింపదగినంత చిన్నది ఎట్లయినది?

ఈ సందేహము సహజమైనది. అంకెలను చదివి వినిపించుట మావంటి వారికి సులభమే. కాని ఆ అంకెలు ఏ నియమమునుండి పుట్టినవో చెప్పనిచో వినువారికి గెలుపు తెలియును గాని ఆట తెలియదు. పై రెండు లెక్కల వెనుక రెండు వేరువేరు పోటీ పద్ధతులున్నవి. ఆ పద్ధతుల వెనుక ఒక పాత ప్రశ్న యున్నది. ఉత్తమ ధనుర్ధరుడు ఎవడు? వేసిన బాణములన్నింటిని కూడి చూచినప్పుడు అందరికన్న పైన నిలిచినవాడా? లేక ఎదుట నిలిచిన ప్రత్యర్థిని ఆ క్షణమున ఓడించినవాడా? అంతర్జాతీయ పోటీలను నడుపువారు దాదాపు 70 ఏండ్లుగా ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారు.

మన మెట్టప్రాంతపు పల్లెలవారికి ఈ భేదమును వేరుగా బోధింపనక్కరలేదు. జి.కొండూరు, మైలవరము, నందిగామ, జగ్గయ్యపేట పరిసరములు 2022లో కృష్ణా జిల్లానుండి విడివడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను ఎడ్ల బండలాగుడు పందెములపై ప్రజలకు గల మక్కువ మారలేదు. ఆ పందెములో ఒక్కొక్క జత ఒంటరిగా బరిలోనికి వచ్చును. నిర్ణీతకాలములో బండను ఎన్ని అడుగులు లాగినదో కొలిచి వ్రాసికొందురు. జతలన్నియు లాగిన పిదపనే బహుమతి ఎవరిదో తేలును. అక్కడ ఎడ్లు మరియొక జతతో పోరాడవు, కొలతతో పోరాడును. కబడ్డీ అట్లు కాదు. అందు ఎదుట ప్రత్యర్థి యుండును. ఓడినవారు ఇంటికి పోవుదురు, గెలిచినవారు తరువాతి ఆటకు పోవుదురు. మొన్నటి ఆటలో ఎన్ని పాయింట్లు సంపాదించితిమన్నది నేటి ఆటలో లెక్కకు రాదు. అంతర్జాతీయ విలువిద్య మొదట బండలాగుడు వంటి పందెముగా నుండి, క్రమముగా కబడ్డీ వంటి పోటీగా మారినది. ఐనను ఆ మార్పు సంపూర్ణము కాలేదు. సురేఖ లెక్కకును ధీరజ్ లెక్కకును గల భేదము అందువలన కలిగినదే.

ముందుగా విండ్ల సంగతి చెప్పవలెను. రికర్వు విల్లు మనము బొమ్మలలో చూచు విల్లునకు దగ్గర చుట్టము. దాని కొనలు ముందునకు వంగియుండును. నారిని వ్రేళ్లతో లాగి, వ్రేళ్లతోనే విడువవలెను. ఎంత వెనుకకు లాగిన అంత బరువు చేతిపై పడును. గురి చూచునంతసేపు ఆ బరువును మోయవలసినదే. 1972 నుండి ఒలింపిక్ క్రీడలలో ఇంతవరకు చోటు దక్కినది ఈ విల్లునకే. కాంపౌండు విల్లు 1960ల నాటి అమెరికాలో పుట్టినది. హాలెస్ విల్బర్ ఆలెన్ అను నాతడు దానికి 1969లో పేటెంటు పొందెను. దాని కొనలయందు కప్పీలవంటి చక్రములుండును. నారిని కొంతదూరము లాగిన పిదప ఆ చక్రములు తిరిగి బరువులో అధికభాగమును తామే మోయును. కావున విలుకాడు నిదానముగా గురి చూడగలడు. గురి చూచుటకు భూతద్దమును, నారిని విడుచుటకు చేతిలో ఇముడు చిన్న యంత్రమును వాడుకొనుటకు నియమములు అనుమతించును. ప్రపంచ పోటీలలో కాంపౌండు విభాగము 1995లో జకార్తా నగరమున ఆరంభమైనది.

లక్ష్యములును వేరువేరు. రికర్వు విలుకాడు 70 మీటర్ల దూరమునుండి 122 సెంటీమీటర్ల వ్యాసము గల ఫలకమునకు గురిపెట్టవలెను. దాని నడుమ పది పాయింట్ల వలయపు వ్యాసము 12.2 సెంటీమీటర్లు మాత్రమే. కాంపౌండు విలుకాడు 50 మీటర్ల దూరమునుండి 80 సెంటీమీటర్ల ఫలకమునకు వేయవలెను. అందు పది వలయము 8 సెంటీమీటర్లు. బాణము వలయపు గీతను తాకినచో ఎక్కువ విలువనే ఇత్తురు. తాకినదో లేదో సందేహము కలిగినచో న్యాయనిర్ణేత భూతద్దముతో చూచి చెప్పును. ఆ మాటకు తిరుగులేదు.

ఇక చరిత్ర. 1931 సెప్టెంబరులో అప్పటి పోలెండు దేశములోనిదియు, నేడు ఉక్రెయిన్ దేశములోనిదియు నగు ల్వీవ్ నగరమున కొన్ని దేశములవారు కూడి ఫీటా అను అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించిరి. మొదటి ప్రపంచ పోటీలు ఆ యేడు ఆ నగరముననే జరిగినవి. ఫీటాయే 2011లో వరల్డ్ ఆర్చరీ అను పేరు దాల్చినది. దాని కార్యాలయము స్విట్జర్లాండులోని లాజాన్ నగరమున నున్నది. మన దేశపు సంఘము 1973లో ఏర్పడినది.

1957లో ఫీటా ఒక ప్రామాణికమైన పోటీ విధానమును నిర్ణయించినది. దానికి ఫీటా రౌండు అని పేరు. పురుషులు 90, 70, 50, 30 మీటర్ల దూరములనుండియు, స్త్రీలు 70, 60, 50, 30 మీటర్ల దూరములనుండియు ఒక్కొక్క దూరమునకు 36 చొప్పున 144 బాణములు వేయవలెను. ప్రతి బాణమునకు అత్యధికము పది గనుక పూర్తి లెక్క 1440. మ్యూనిక్ నగరమున 1972లో విలువిద్య ఒలింపిక్ క్రీడలలో మరల ప్రవేశించినప్పుడు ఈ రౌండునే రెండుమారులు వేయించిరి. అనగా నాలుగు దినములలో 288 బాణములు. అన్నియు కూడగా ఎవరి మొత్తము ఎక్కువయో వారికి స్వర్ణము.

ఇంతకన్న న్యాయమైన పద్ధతి కాగితముమీద దొరకదు. ఒక బాణము గాలికి కొట్టుకొనిపోయినను, ఒక క్షణము చేయి వణకినను, మిగిలిన 287 బాణములు ఆ లోటును సరిచేయగలవు. అదృష్టము ఒకనాడు ఒకరి ప్రక్కను, మరునాడు మరియొకరి ప్రక్కను నిలిచి, చివరకు ఎవరి ప్రక్కను నిలువక తప్పుకొనును. మిగులునది నేర్పే.

కాని చూచువాని మాట ఏమి? 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో అమెరికా దేశస్థుడైన డారెల్ పేస్ 2616 పాయింట్లతో గెలిచెను. రెండవ స్థానమున నిలిచిన రిచర్డ్ మెకిన్నీకి వచ్చినవి 2564. నడుమ 52 పాయింట్ల దూరము. అంత దూరమున్నచోట చివరి బాణములలో ఉత్కంఠకు తావులేదు. పేస్ ఎంత గొప్ప విలుకాడో ఆ అంకె చెప్పును. కాని అతడు ఏ క్షణమున గెలిచెనో ఎవరును చెప్పలేరు. మైదానమున కూర్చున్నవానికి ఒక వరుసలో నిలిచి ఎందరో బాణములు వేయుచుండుట కనబడును. ఎవరు ఎవరితో పోరాడుచున్నారో తెలియదు. రేడియోలో వ్యాఖ్యానము చెప్పువాని పాట్లు వేరుగా చెప్పనక్కరలేదు. నాలుగు దినములు కూడికలు చదివి వినిపించుటకన్న అతడు చేయగలదేమున్నది?

ఆ కారణమున పద్ధతిని మార్చుటకు పూనుకొనిరి. 1988లో సియోల్ ఒలింపిక్ క్రీడలలో అందరిచేతను మొదట ఫీటా రౌండు వేయించి, పైన నిలిచిన 24 మందిని ఎన్నుకొనిరి. పిదప వారిని 18కి, 12కి, ఎనిమిదికి తగ్గించుచు వచ్చిరి. జట్ల పోటీ కూడ ఆ యేటనే మొదలైనది. 1992లో బార్సిలోనా నగరమున అసలైన మలుపు వచ్చినది. ముఖాముఖి మ్యాచిలకు 70 మీటర్ల దూరమునే నిర్ణయించిరి. మొదటి దశలో పైన నిలిచిన 32 మందిని ఇద్దరిద్దరిగా జతపరచి ముఖాముఖి నిలిపిరి. మ్యాచికి 12 బాణములు; ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ముందునకు. 1996లో ఆ 32 మంది 64 మందియైరి.

ఇట్టి మార్పు ఒక్క విలువిద్యకే పరిమితము కాదు. బంతిని దొర్లించి పది పిన్నులను పడగొట్టు టెన్‌పిన్ బౌలింగు ఆటలోను ఇదే కథ కనబడును. ఆ ఆటకు అంతర్జాతీయ సమాఖ్య 1952లో ఏర్పడినది. అందును అనేక ఆటలలో పడగొట్టిన పిన్నులన్నింటిని కూడి స్థానములు నిర్ణయించుట పాత పద్ధతి. మొత్తములో పైన నిలిచినవారిని ముఖాముఖి నిలిపి తుది విజేతను తేల్చుట తరువాత బలపడిన పద్ధతి. ఏ ఆటలో మనిషి ప్రత్యర్థితో గాక లక్ష్యముతో పోరాడునో, ఆ ఆటనెల్ల ఈ ప్రశ్న వెన్నాడుచునే యున్నది.

విలువిద్యలో మరియొక పెద్ద మార్పు 2010లో వచ్చినది. అదియే సెట్టు పద్ధతి. రికర్వు మ్యాచిని సెట్లుగా విభజించిరి. ఒక సెట్టులో ఒక్కొక్కరు మూడు బాణములు వేయుదురు. ఎవరి మూడు బాణముల మొత్తము ఎక్కువయో వారికి రెండు పాయింట్లు, సమమైనచో చెరియొకటి. పిదప పాత లెక్క చెరపివేసి క్రొత్త సెట్టు మొదలుపెట్టుదురు. ముందుగా ఆరు పాయింట్లు చేరినవారు విజేత. ఐదు సెట్లు ముగిసినను 5–5గా నిలిచినచో ఒక్కొక్క బాణము వేయింతురు. దానినే షూట్ ఆఫ్ అందురు. ధీరజ్ ఢాకాలో గెలిచిన 6–2 ఇట్టి సెట్టు పాయింట్ల లెక్కయే. ఒలింపిక్ క్రీడలలో వ్యక్తిగత పోటీలకు ఈ పద్ధతి 2012 నుండియు, జట్టు పోటీలకు 2016 నుండియు అమలైనది.

దీనివలన ఏమి మారినదో ఒక చిన్న లెక్కతో చూతము. రాముడు, సోముడు అను ఇద్దరు విలుకాండ్రు ఐదు సెట్లు ఆడిరనుకొందము. రాముని లెక్క వరుసగా 30, 30, 26, 27, 26. సోముని లెక్క 27, 27, 27, 28, 27. కూడి చూచినచో రామునికి 139, సోమునికి 136. పాత పద్ధతిలో రాముడు మూడు పాయింట్లతో గెలిచియుండును. కాని సెట్ల లెక్కలో మొదటి రెండు సెట్లు మాత్రమే రామునివి. మిగిలిన మూడును సోమునివి. కావున సోముడు 6–4 తేడాతో గెలుచును. రాముడు మొదటి ఆరు బాణములను పదిలోనే నాటిన సంగతి ఏమయ్యెను? ఆ సెట్లతోనే అది ముగిసిపోయినది. సెట్టు పద్ధతి తప్పును క్షమించును. గొప్పను కూడ మరచిపోవును.

క్షమించుట యన్నది చిన్న మాట కాదు. కళ్లములో ధాన్యమును తూర్పారబట్టు రైతు గాలివాటము చూచినట్లు, విలుకాడును ఫలకముపై ఎగురు చిన్న జెండాను చూచును. రికర్వు బాణము 70 మీటర్లు దాటుటకు ఒక సెకనుకు కొంచెము పైగా పట్టును. ఆ స్వల్పకాలములో గాలి దిశ మారినచో పదికి వేసిన బాణము ఏడులో నాటుకొనవచ్చును. మొత్తము లెక్కించు పద్ధతిలో ఆ ఏడు చివరి బాణము వరకు విలుకాని వెంటనే నడచును. సెట్టు పద్ధతిలో అది ఒక సెట్టునే హరించి పోవును.

మరి కాంపౌండు విభాగమునకు ఈ పద్ధతి ఏల వర్తింపలేదు? కాంపౌండు విల్లు పట్టిన నిపుణులు అధికభాగము బాణములను పదిలోనే నాటుదురు. వారి పోటీని సెట్లుగా విడగొట్టినచో 30–30, 29–29 అని సమములే ఎక్కువగును. వారి నడుమ భేదము పది తొమ్మిదియగుటలోనే యున్నది. ఆ అరుదైన తొమ్మిదులను చివరి వరకు జ్ఞాపకముంచుకొనినగాని తీర్పు తేలదు. కావున కాంపౌండు మ్యాచిలో ఐదు విడతలుగా 15 బాణములు వేయించి మొత్తమునే లెక్కింతురు. పూర్తి లెక్క 150. ముగ్గురు గల జట్టునకు 24 బాణములు, 240 పాయింట్లు. ఒక స్త్రీ, ఒక పురుషుడు కలసి ఆడు మిశ్రమ జట్టునకు 16 బాణములు, 160 పాయింట్లు.

ఈ లెక్క ఎంత కఠినమైనదో సురేఖ క్రీడాజీవితమే చెప్పును. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఆమె మూడు స్వర్ణములు గెలిచెను. వ్యక్తిగత ఫైనలులో దక్షిణ కొరియాకు చెందిన సో చేవన్‌పై 149–145 తేడాతో గెలుపు దక్కినది. కాని మహిళల జట్టు చైనీస్ తైపేపై గెలిచినది 230–229 లెక్కతో. ఓజస్ దేవతలేతో కలసి మిశ్రమ జట్టుగా కొరియాపై గెలిచినది 159–158 లెక్కతో. రెండుచోట్లను భేదము ఒక్క పాయింటు. అనగా ఎవరో ఒకరి చేతిలో ఒక్క బాణము ఒక వ్రేలి వెడల్పు ప్రక్కకు పోయినచో పతకము రంగు మారియుండెడిది. అదే యేడు ఆగస్టు 4న బెర్లిన్ ప్రపంచ పోటీలలో సురేఖ, పర్ణీత్ కౌర్, అదితి స్వామి గల జట్టు మెక్సికోను 235–229 తేడాతో ఓడించినది. ప్రపంచ పోటీలలో మన దేశమునకు లభించిన మొదటి స్వర్ణము అదియే. ఆ పోటీలలోనే సురేఖ వ్యక్తిగత కాంస్యపు మ్యాచిలో 150కి 150 సాధించెను.

సెట్టు పద్ధతి కాఠిన్యము వేరొక విధమైనది. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో ధీరజ్ మొదటి దశలో 681 పాయింట్లతో నాలుగవ స్థానమున నిలిచెను. వ్యక్తిగత పోటీ రెండవ మ్యాచిలో కెనడా విలుకాడు ఎరిక్ పీటర్స్ ఎదురయ్యెను. ఐదు సెట్లు ముగియునప్పటికి 5–5. షూట్ ఆఫ్‌లో ఇద్దరును పదిలోనే నాటిరి. పీటర్స్ బాణము కేంద్రమునకు కొంచెము చేరువగా నుండుటచే అతడు ముందునకు పోయెను. ధీరజ్ ఆట ముగిసెను. ఆ క్రీడలలోనే పురుషుల ఫైనలు కూడ ఇట్లే తేలినది. కొరియాకు చెందిన కిమ్ వూజిన్, అమెరికాకు చెందిన బ్రేడీ ఎల్లిసన్ 5–5గా నిలిచి, షూట్ ఆఫ్‌లో ఇద్దరును పది వేసిరి. కిమ్ బాణము కేంద్రమునకు 4.9 మిల్లీమీటర్లు దగ్గరగా నున్నది. ఒలింపిక్ స్వర్ణమునకును రజతమునకును నడుమ దూరము అంతే!

ద్రోణాచార్యుడు చెట్టుకొమ్మపై పక్షిని నిలిపి శిష్యులను పరీక్షించిన కథ మనకందరికి తెలిసినదే. ఆ పరీక్షలో అర్జునునికి ఒక్క బాణమే దక్కినది; మిగిలినవారికి బాణము విడుచు అవకాశమైనను చిక్కలేదు. 288 బాణముల పద్ధతిని నిర్ణయించినవారు ఆ గురువును తప్పక ప్రశ్నించియుందురు. షూట్ ఆఫ్ నియమమును వ్రాసినవారు మాత్రము ఆయనకు నమస్కరించియుందురు.

ఇన్ని మార్పుల నడుమ పాత పద్ధతి పూర్తిగా పోలేదన్న సంగతి గమనింపదగినది. నేటి పోటీ రెండు దశలుగా నడచును. మొదటిది ర్యాంకింగు రౌండు. అందరును ఒకే దూరమునుండి 72 బాణములు వేయుదురు. పూర్తి లెక్క 720. ఇది బండలాగుడు వంటిదే: ఎవరి కొలత వారిది. ఈ మొత్తమునుబట్టి స్థానములు నిర్ణయించి, మొదటివానిని చివరివానితోను, రెండవవానిని చివరినుండి రెండవవానితోను జతపరచుదురు. మొదటి దశలో బాగుగా వేసినవానికి దక్కు లాభమిది: ఆరంభమున బలహీనుడైన ప్రత్యర్థి దొరకును. ఒక దేశపు ముగ్గురి ర్యాంకింగు లెక్కలను కూడి జట్టు స్థానమును కూడ నిర్ణయింతురు. రెండవ దశ ముఖాముఖి.

లాభము లాభమే గాని హామీ కాదు. 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలలో కొరియా విలుకాడు ఇమ్ దాంగ్ హ్యున్ 72 బాణములకు 699 పాయింట్లు సాధించి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. కాని వ్యక్తిగత పతకము దక్కలేదు. స్వర్ణము అతని సహచరుడైన ఓ జిన్ హ్యెక్‌కు పోయినది. 2024లో పారిస్ నగరమున కొరియా విలుకత్తె లిమ్ సిహ్యెన్ 694 పాయింట్లతో మహిళల రికార్డు నెలకొల్పి, మూడు స్వర్ణములను కూడ గెలుచుకొనెను. మొత్తమున మొదటివారు ముఖాముఖిలో ఓడవచ్చును, గెలువవచ్చును.

పోటీలను నడుపు తీరు కూడ చెప్పవలెను. ప్రపంచ పోటీలు మొదట ఏటేట జరిగి, 1959 నుండి రెండేండ్లకొకసారి జరుగుచున్నవి. ఒక్కొక్క విభాగమునకు ఒక దేశమునుండి ముగ్గురు మాత్రమే రావలెను. 2006లో ప్రపంచ కప్పు మొదలైనది. ఇది ఏడాదిలో నాలుగు ఊళ్లలో నాలుగు విడతలుగా జరిగి, విభాగమునకు ఎనిమిదిమంది చొప్పున ఎన్నికైనవారికి ఒక తుది పోటీతో ముగియును. 2025 అక్టోబరులో చైనాలోని నాన్‌జింగ్ నగరమున జరిగిన తుది పోటీలో సురేఖ 150–145 తేడాతో కాంస్యము గెలిచెను. ఒలింపిక్ క్రీడలకు స్త్రీలు 64 మంది, పురుషులు 64 మంది. మిశ్రమ జట్టు పోటీ ప్రపంచ పోటీలలో 2011లోను, ఒలింపిక్ క్రీడలలో 2021లో జరిగిన టోక్యో క్రీడలలోను ప్రవేశించినది. పారిస్ నగరమున ధీరజ్, అంకితా భకత్ గల జట్టు ఈ పోటీలో నాలుగవ స్థానమున నిలిచినది. ఒలింపిక్ విలువిద్యలో సెమీఫైనలు చేరిన మొదటి భారత జట్టు అదియే.

మైదానమున పోటీని నడుపునది ధ్వని. రెండు కూతలు వినబడినచో విలుకాండ్రు గీతవద్దకు రావలెను. ఒక కూత వినబడినచో వేయుట మొదలు. మూడు కూతలు వినబడినచో వేయుట ముగిసినది, ఫలకముల వద్దకు పోయి లెక్క వ్రాసికొనవలెను. ప్రమాదము తోచినప్పుడు ఐదు కూతలు వేసి అందరిని ఆపుదురు. ముఖాముఖిలో ఒకరి తరువాత ఒకరు వేయునప్పుడు ఒక్కొక్క బాణమునకు 20 సెకన్లే గడువు. గడువు దాటి వేసినచో ఆ విడతలో వచ్చిన అత్యధికపు బాణమును లెక్కనుండి కొట్టివేయుదురు. చెవితో అనుసరింపదగిన ఆటలలో దీనికి మంచి స్థానమే కలదని మా అభిప్రాయము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఏది న్యాయము? మొత్తము లెక్కించు పద్ధతి నేర్పును కొలుచును. ముఖాముఖి పద్ధతి ధైర్యమును కొలుచును. మొదటిదే యుండినచో చూచువారు దూరమగుదురు. చూచువారు లేని ఆటకు మైదానములు, శిక్షకులు, నిధులు దొరకుట కష్టము. రెండవదే యుండినచో ఏండ్ల తరబడి చేసిన సాధన ఒక్క గాలివీచికకు లోబడును. 72 బాణముల మొత్తమును ప్రవేశద్వారముగా నుంచి, లోపల ముఖాముఖిని నిలిపిన నేటి ఏర్పాటు ఈ రెంటి నడుమ కుదిరిన రాజీ. ఇది సంపూర్ణ న్యాయము కాకపోవచ్చును గాని, రెండు న్యాయములలో దేనిని పూర్తిగా వదలుకొనలేదు. మార్పులు ఇంతటితో ఆగునని కూడ చెప్పలేము. 2025 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన ఆర్చరీ ప్రీమియర్ లీగులో రికర్వు, కాంపౌండు విలుకాండ్రను ఒకే జట్టున చేర్చి ఆడించిరి. అందలి ఆరు జట్లలో ఒకదానికి కాకతీయ నైట్స్ అని పేరు పెట్టిరి.

ఇవి ఎక్కడో లాజాన్ నగరమున వ్రాసికొను నియమములని మనవారు తలపరాదు. విజయవాడలో ఓల్గా ఆర్చరీ అకాడమీ వంటి శిక్షణాలయములు వెలసిన పిదప మన పిల్లలు ఈ విద్యలో పేరు తెచ్చుకొనుచున్నారు. జి.కొండూరు నుండి ఇబ్రహీంపట్నము మీదుగా విజయవాడ ఎంతో దూరము కాదు. ఈ పల్లెలనుండి ఒక బాలికయో బాలుడో విల్లు చేపట్టదలచినచో ఇంటివారికి మొదట తగులు ప్రశ్న ఏ విల్లు కొనవలెనన్నది. ఇంతకాలము కాంపౌండు విల్లు పట్టినవారికి ప్రపంచ పోటీలు, ఆసియా క్రీడలు కలవు గాని ఒలింపిక్ ద్వారము మూసియున్నది. సురేఖ 2014 ఆసియా క్రీడలనుండి నేటివరకు పతకములు తెచ్చుచున్నను ఒలింపిక్ క్రీడలలో నిలువలేకపోవుటకు కారణము ఆమె గురి కాదు. ఆమె చేతిలోని విల్లు.

2025 ఏప్రిలులో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఆ ద్వారమును కొంచెము తెరచినది. 2028లో లాస్ ఏంజెలెస్ క్రీడలలో కాంపౌండు మిశ్రమ జట్టు పోటీని చేర్చుటకు సమ్మతించినది. ఒక్క పోటీ, జట్టునకు ఇద్దరే. అప్పటికి సురేఖకు 32 ఏండ్లు నిండును. ఆ ఇద్దరిలో ఒకరుగా నిలుచుటకు ఆమె తనకన్న చిన్నవారితో పోటీపడవలెను. ఒక నియమములో ఒక వాక్యము చేర్చుటచే ఎందరి సాధనకు క్రొత్త గమ్యము ఏర్పడినదో ఊహింపవచ్చును.

కావున ఇకమీదట విలువిద్యా వార్తలు వినునప్పుడు శ్రోతలు లెక్కను జాగ్రత్తగా గమనింతురుగాక. అంకెలు నూరు దాటినచో అది కాంపౌండు. అందు ప్రతి బాణమును చివరి వరకు జ్ఞాపకములో నిలిచినది. అంకెలు ఆరు లోపల నిలిచినచో, అప్పుడప్పుడు ఏడు చేరినచో, అది రికర్వు. అందు ప్రతి సెట్టును క్రొత్తగా పుట్టినది. 6–5 అని వినినచో మాత్రము ఒక్క క్షణము ఆగవలెను. ఆ అంకె వెనుక ఒకే ఒక బాణము, కేంద్రమునకు కొన్ని మిల్లీమీటర్ల దూరమున నాటుకొని యున్నదన్నమాట.